గడువు చదువు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ చదువు రెండేళ్ళు. అది అయ్యాక యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి మారొచ్చు. ఆ రెండేళ్ళ చదువును నేను ఏడాదిలో ముగించాను. 2015 వేసవిలో మొదలుపెట్టి 2016 జూన్‌కల్లా మూట కట్టుకుని యూనివర్సిటీ దారి పట్టాను. ఈ సంగతి విన్నవాళ్ళు "ఏడాదిలోనా! ఎంత చురుకమ్మా నువ్వు" అంటారు. మన సంఘాల మీటింగుల్లో నన్ను పిల్లలకు చూపించి "చూడండ్రా, మన పిల్ల" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని ఆ మెప్పు నాకు గొంతు దిగదు. నేను చురుకైనదాన్నో కాదో గాని, ఆ ఏడాది నన్ను నడిపింది మాత్రం తొందర. ఆ తొందర నేను కోరుకున్నది కాదు, నా నెత్తిన పడింది. ఎట్లా పడిందో, దానికి మా ఇంటిల్లిపాదీ ఏం చెల్లించామో చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది చీరాల దగ్గర ఒక పల్లె. అప్పటి ప్రకాశం జిల్లా. మా మాదిగపల్లె ఊరికి ఎడంగా, మురుగుకాలవ అవతల ఉంటుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాయన పోయాడు. అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. ఆకు ఘాటు గొంతులో పట్టుకుని రాత్రంతా దగ్గేది. నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి పది పాసయ్యాను. సర్కారు జూనియర్ కాలేజీలో సీఈసీ తీసుకుని ఇంటర్ గట్టెక్కాను.

మా పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివింది. ఆమె అక్కడ చదువుతుండగానే 1985 జూలై 17న కారంచేడు జరిగింది. మా వాళ్ళని వెంటాడి నరికారు. బతికినవాళ్ళు చీరాలకు పరుగెత్తారు. మా అమ్మమ్మ తన పెద్దకూతురికి "ఊరికి రాబాకమ్మే, ఆ ఆసుపత్రిలోనే ఉండు" అని కబురు పెట్టిందట. అట్లా ఊరికి దూరమైన మనిషి 1993లో నర్సు పని మీద అమెరికా దాకా పోయింది. అక్కడి పౌరసత్వం వచ్చాక 2001లో తన చెల్లెలికి, అంటే మా అమ్మకు, కాగితాలు పెట్టింది. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ పెట్టే ఆ కాగితం మీద పిలుపు రావడానికి పదమూడేళ్ళు పట్టింది. 2014 మే నెలలో అమ్మ, నేను, తమ్ముడు దిగాం. నాకు పంతొమ్మిదేళ్ళు. పెద్దమ్మ తన ఇంటి వెనక కారు షెడ్డుని గదిగా కట్టించి మాకిచ్చింది.

దిగీ దిగగానే కాలేజీలో చేరదామనుకున్నాను. కుదరలేదు. ఆ రాష్ట్రంలో ఏడాదికి పైగా ఉంటేనే రాష్ట్రవాసి కింద లెక్క. అంతకుముందే చేరితే ఫీజు ఐదారు రెట్లు కట్టాలి. అంచేత ఆ ఏడాది ఒక ఇండియన్ సరుకుల కొట్లో పనిచేశాను. పప్పులు పాకెట్లలో పోయడం, కరివేపాకు కట్టలు కట్టడం, గల్లాపెట్టె దగ్గర నిలబడడం. అప్పట్లో రాష్ట్రం పెట్టిన కనీస కూలి గంటకు 9 డాలర్లు. అమ్మ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో వంటకు కుదిరింది. పులుసుకూరలు అమ్మ చేతి మీద బాగా వస్తాయి. ఒక ఇల్లు రెండయింది, రెండు నాలుగయ్యాయి.

ఆ నాలుగిళ్ళలో ఒక ఇంటి సంగతి చెప్పాలి. ఆ ఇంటావిడ మంచిదే. అమ్మని "అక్కా" అనేది. కొన్నాళ్ళకు మీదే ఊరు అంది. చెప్పింది. ఇంటిపేరు అడిగింది. చెప్పింది. మీరు ఊళ్ళో ఏ బజారు అంది. అమ్మ కూర తిప్పుతూ ఊరుకుంది. ఇంకో రోజు అమ్మ అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం చూసి "ఓ, మీరు కన్వర్టెడా" అంది. ఆ మాటతో లెక్క తేలిపోయింది. ఆ వారం అమ్మకు కాఫీ వేరే గ్లాసులో వచ్చింది. పై వారం "మా అత్తగారు ఇండియా నించి వస్తున్నారక్కా, ఆవిడకు పట్టింపులెక్కువ, మీరింక రానక్కర్లేదు" అని ఫోను. ఆ నెలలోనే ఇంకో రెండిళ్ళు పోయాయి. ఎవరూ కారణం చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అమ్మ బస్సు పాసు చేతిలో పట్టుకుని "ఇంత దూరమొచ్చినా పల్లెని మన యెనకాలే మోసుకొచ్చారమ్మే వీళ్ళు" అంది. తర్వాత ఒక వృద్ధాశ్రమంలో పడకలు మార్చే పనికి కుదిరింది. కూలి తక్కువ, నడుం నొప్పి ఎక్కువ. కాని అక్కడ ఇంటిపేరు అడిగేవాళ్ళు లేరు.

ఏడాది దాటింది. నేను కమ్యూనిటీ కాలేజీ గడప తొక్కాను. ఈ కాలేజీల గురించి మన పిల్లలకు తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1960లో కాలిఫోర్నియా పై చదువులకు ఒక ప్రణాళిక వేసుకుంది. దాని ప్రకారం హైస్కూలు పిల్లల్లో పైనున్న ఎనిమిదో వంతుకు యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. పైనున్న మూడో వంతుకు సీఎస్‌యూ, అంటే స్టేట్ యూనివర్సిటీ. మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీలు. ఇప్పుడవి 116. ప్రవేశ పరీక్ష లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి, చదువు అందుకోగలననుకునే ఎవరైనా చేరొచ్చు. 1984 దాకా అసలు ఫీజే లేదు. నేను చేరినప్పుడు క్వార్టర్ పద్ధతి కాలేజీలో యూనిట్‌కి 31 డాలర్లు. మాలాంటి తక్కువ రాబడి వాళ్ళకు అదీ మాఫీ.

ఈ మాటలు రాయడం తేలిక. అనుభవించడం వేరు. ఇంటర్‌లో చేరేటప్పుడు కుల ధ్రువపత్రం కోసం మండలాఫీసు చుట్టూ తిరిగినదాన్ని నేను. స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తదో తెలియక ప్రిన్సిపాల్ గది బయట నిలబడినదాన్ని. ఇక్కడ ఫారం నింపితే అరగంటలో నంబరిచ్చారు. నా పక్కన బెంచీ మీద జైలు నించి వచ్చిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, అరవై దాటిన పెద్దాయన. ఎవరినీ "నీకెందుకు చదువు" అని అడగలేదు. ఇది స్వర్గమనడం లేదు. నల్లవాళ్ళూ మెక్సికన్లూ పేదలూ ఎక్కువగా చేరేది ఈ కాలేజీల్లోనే. చేరినవాళ్ళలో చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. కాని తలుపు తెరిచి ఉంది. తలుపు తెరిచి ఉండడమంటే ఏమిటో వెలివాడ నించి వచ్చినవాళ్ళకు తెలుస్తుంది.

గడువు సంగతి అప్పుడే వచ్చింది. పెద్దమ్మ రిటైరవుతోంది. 2016 వేసవిలో ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకు టెక్సాస్ పోతానంది. ఆమె తప్పేం లేదు. ముప్పై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. కాని ఆ గది పోతే బే ఏరియాలో మాకు గది దొరకదు. అక్కడి అద్దె అమ్మ జీతం మొత్తం మింగేది. వేరే రాష్ట్రం పోతే నా రాష్ట్రవాసం పోతుంది. మళ్ళీ ఏడాది కాచుకోవాలి, ఈ లోపల ఏదో కొట్లో గల్లాపెట్టె దగ్గర నిలబడిపోతాను. నిలబడితే ఇక అంతే. యూనివర్సిటీకి పోగలిగితే మాత్రం దారి ఉంది. యూసీలో అప్పట్లో కుటుంబ రాబడి ఏడాదికి 80,000 డాలర్ల లోపుండి, సాయానికి అర్హత ఉన్న రాష్ట్రవాసులకు ట్యూషన్ ఫీజు గ్రాంట్లతోనే తీరిపోయేది. హాస్టల్ ఖర్చుకి పెల్ గ్రాంటు, కొంత అప్పు. అంటే యూనివర్సిటీ సీటంటే నాకు డిగ్రీ ఒక్కటే కాదు, తల మీద కప్పు కూడా. అది 2016లోనే రావాలి.

కాలేజీలో ఈవోపీఎస్ అని ఒక విభాగం ఉంది. పౌరహక్కుల పోరాటాల రోజుల్లో, 1969లో చట్టం చేసి పెట్టారు. పుస్తకాలకు డబ్బు, ముందుగా క్లాసులు ఎంచుకునే వీలు, ఒక సలహాదారు. మనకు సోషల్ వెల్ఫేర్ హాస్టల్ ఎట్లాగో వాళ్ళకు అది అట్లాగ. నా సలహాదారు మెక్సికన్ కూలీల కూతురు. వాళ్ళ అమ్మానాన్నలు స్ట్రాబెర్రీ తోటల్లో వంగి పనిచేసినవాళ్ళు. నేను "ఏడాదిలో" అనగానే నవ్వలేదు. "నువ్వు చేయగలవా అని అడగను. చేయకపోతే ఏమవుతుందో చెప్పు" అంది. చెప్పాను. కాగితం తీసి లెక్క వేసింది.

లెక్క ఇది. యూసీలో మూడో సంవత్సరంలోకి పోవాలంటే 90 క్వార్టర్ యూనిట్లు కావాలి. మామూలు విద్యార్థి క్వార్టర్‌కి 15 చొప్పున ఆరు క్వార్టర్లలో చేస్తాడు. నేను వేసవిలో 16, తర్వాత మూడు క్వార్టర్లలో 24, 25, 25 చేయాలి. ఒక్కో క్వార్టర్ మూడు నెలలు కూడా ఉండదు. కాలేజీ పెట్టిన హద్దు దాటితే పిటిషన్ పెట్టుకోవాలి. కొన్ని పిటిషన్లో ఒప్పించాం. మిగతావి పక్క ఊరి కాలేజీలో ఆన్‌లైన్లో తీసుకున్నాను. ఏ కాలేజీ పాఠం ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చెప్పే 'అసిస్ట్' అనే పట్టిక ఉంది. రెండు కాలేజీల మధ్య తిరిగేవాళ్ళు దాన్ని లైను లైనుగా చూసుకోవాలి. క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి యూనిట్లు తెచ్చుకునే 'క్లెప్' అనే పద్ధతి కూడా ఉంది. సీఎస్‌యూ దాన్ని ఒప్పుకుంటుంది, యూసీ ఒప్పుకోదు. ఆ దారి మూసుకుంది.

ఇంకోటి చెప్పాలి. యూసీలో ఆరు క్యాంపసులు 'ట్యాగ్' అని ఒక హామీ ఇస్తాయి. పెట్టిన షరతులన్నీ తీరిస్తే సీటు గ్యారంటీ. కాని సెప్టెంబరులో ఆ కాగితం పెట్టేనాటికే 45 క్వార్టర్ యూనిట్లు చేతిలో ఉండాలి. నా చేతిలో ఉన్నవి 16. అంటే రెండేళ్ళు నిమ్మళంగా చదివేవాడికి హామీ ఉంది, ఏడాదిలో చదవాల్సినదానికి లేదు. సమయం ఉన్నవాడికే భరోసా కూడా దొరుకుతుంది. సమయం లేనివాళ్ళు గాల్లో దూకాలి.

దూకాను. పొద్దున ఐదున్నరకు బస్సు. ఎనిమిది నించి రెండింటి దాకా క్లాసులు. మూడు నించి ఎనిమిది దాకా కొట్టు. తొమ్మిదింటికి గది. అమ్మ నడుముకి తైలం రాసి, తమ్ముడికి లెక్కలు చెప్పి, పదింటికి ఆన్‌లైన్ క్లాసులు తెరిచేదాన్ని. ఇంగ్లీషు వ్యాసాలు మొదట్లో ఎర్ర గీతలతో తిరిగొచ్చేవి. స్టాటిస్టిక్స్ మాత్రం పట్టుబడింది. అంకెలకు యాస ఉండదు.

నవంబరులో దరఖాస్తు. అప్పటి పద్ధతిలో రెండు ప్రశ్నలకు కలిపి వెయ్యి మాటల్లో నీ గురించి నువ్వు రాసుకోవాలి. నీకు ముఖ్యమైన ఒక గుణం గాని, ప్రతిభ గాని, అనుభవం గాని చెప్పమన్నది ఒక ప్రశ్న. నాకు తెలిసిన లోకం పల్లె, పొగాకు, వేరే గ్లాసు. ఆ మాటలు రాద్దామని కూర్చున్నాను. పెద్దమ్మ భయపడింది. "ఆ కులం సంగతి రాయబాక. చదివేది ఎవరో ఏమో. ఇరవయ్యేళ్ళు ఇక్కడ ఎవరికీ చెప్పకుండా బతికాను" అంది. కాలేజీలో ఒక తెలుగబ్బాయి ఉండేవాడు. వాడి భయం ఇంకో రకం. "అలాంటివి రాస్తే మన దేశం పరువు పోతుంది" అన్నాడు. అమ్మ వేరే గ్లాసులో కాఫీ తాగినప్పుడు పోని పరువు, నేను ఇంగ్లీషులో రాస్తే పోతుందట. రాత్రి అమ్మని అడిగాను. అమ్మ సంతకం తప్ప చదువు రాని మనిషి. కాసేపు ఆలోచించి "మనం దొంగతనం జేశామా? రాయి" అంది. రాశాను. దళిత అన్న మాటకు వాళ్ళకు అర్థమయ్యేలా ఒక వాక్యం రాశాను. మాదిగ అన్న మాటని ఎలా ఉందో అలాగే ఉంచాను.

చలికాలం క్వార్టర్ మొదలైన రెండు వారాలకు, 2016 జనవరి 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. సస్పెండ్ చేసి హాస్టల్ నించి బయటకు గెంటారు. ఫెలోషిప్పు నెలల తరబడి ఆగిపోయింది. ఆ వార్త నేను బస్సులో ఫోనులో చదివాను. నాకంటే కొన్నేళ్ళు పెద్దవాడు. గుంటూరువాడు. సైన్సు చదవాలనుకున్నవాడు. ఆ రోజు క్లాసులో పరీక్ష ఉంది. రాశాను. మరి రాయకపోతే యూనిట్లు పోతాయి. అక్కడ ఒక కుర్రాడి చదువుని ఆపేశారు. ఇక్కడ నా చదువుని నెట్టుకుంటూ పోతున్నాను. రెండు చోట్లా గడియారం మా చేతుల్లో లేదు. ఆ ఊహ వచ్చిన దగ్గర్నించి "ఎంత చురుకమ్మా" అన్న మాట నాకు సరిపడడం మానేసింది.

ఫిబ్రవరిలో అమ్మమ్మ పోయింది. 'ఊరికి రాబాకమ్మే' అని తన బిడ్డని కాపాడుకున్న మనిషి. అర్ధ క్వార్టర్ పరీక్షల వారం. టికెట్టు 1,400 డాలర్లు. పెద్దమ్మ ఒక్కతే పోయింది. అమ్మ పోతే వృద్ధాశ్రమంలో పని పోతుంది, నేను పోతే క్వార్టర్ పోతుంది. పల్లెలో మా మేనమామ ఫోను పట్టుకుని శవపేటిక పక్కన నిలబడ్డాడు. డప్పు వినబడింది. పాస్టరుగారి ప్రార్థన వినబడింది. మట్టి పడిన చప్పుడు వినబడింది. గదిలో అమ్మ, నేను, తమ్ముడు ఫోను చుట్టూ కూర్చున్నాం. తెల్లారి అమ్మ డ్యూటీకి పోయింది, నేను బస్సెక్కాను. ఏడాదిలో చదువు ముగించడమంటే ఇది కూడా. మీటింగుల్లో నన్ను చూపించేటప్పుడు దీన్ని ఎవరూ చూపించరు.

ఏప్రిల్లో యూసీలో ఒక క్యాంపస్ నించి సీటు వచ్చింది. సోషియాలజీ. జూన్లో ఆఖరి 25 యూనిట్లు పూర్తయ్యాయి. పెద్దమ్మ ఇల్లు అమ్ముడైంది. అమ్మ, తమ్ముడు ఇంకో కుటుంబంతో కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నారు. నేను హాస్టల్‌కి పోయాను. 2018లో డిగ్రీ వచ్చింది. అమ్మ నడుం మాత్రం తిరిగి రాలేదు. పోయినది నాకూ ఉంది. నా సలహాదారుతో తప్ప ఆ కాలేజీలో ఒక్కరితో స్నేహం లేదు. చరిత్ర పాఠం చెప్పినాయన ఒకసారి ఆపి "నీ వ్యాసం మీద మాట్లాడదాం, కూర్చో" అంటే, బస్సు టైమైందని పరుగెత్తాను. లైబ్రరీలో అవసరం లేని పుస్తకం ఒక్కటి తెరవలేదు. చదువుకోవడం అంటే అదే గదా, అవసరం లేనిది కూడా తెరిచి చూడడం.

యూనివర్సిటీలో కాస్త ఊపిరి అందాక అంబేద్కర్ జీవితం మళ్ళీ చదివాను. అంతకుముందు చదివినప్పుడు ఆయన డిగ్రీలు చూశాను. ఈసారి తేదీలు చూశాను. 1913లో బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద కొలంబియా చేరాడు. దానికి గడువుంది. 1915లో ఎమ్మే అయ్యింది. 1916లో లండన్ పోయాడు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు తీరిపోయింది, చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. డబ్బు కూడబెట్టుకుని, అప్పు చేసి మళ్ళీ 1920లో పోయి, 1923కి డీఎస్సీ సాధించాడు. బాబాసాహెబ్ రోజుకు అన్ని గంటలు చదివాడని మనం పిల్లలకు గొప్పగా చెబుతాం. అన్ని గంటలు ఎందుకు చదవాల్సి వచ్చిందో చెప్పం. ఆయన మేధకు దండం పెడదాం. దాంతోబాటు ఆయనకు నాలుగేళ్ళు నిదానంగా చదువుకునే డబ్బు ఈ దేశం ఎందుకివ్వలేదో కూడా అడుగుదాం.

నేనిప్పుడు ఒక కమ్యూనిటీ కాలేజీలో, యూనివర్సిటీకి మారే పిల్లలకు సాయపడే ఆఫీసులో పనిచేస్తున్నాను. తెలుగు పిల్లలు వస్తారు. తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. "ఏడాదిలో అయిపోతుందా మేడమ్" అన్నది మొదటి ప్రశ్న. వాళ్ళలో మనవాళ్ళని నేను పోల్చుకుంటాను. ఇంటిపేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది. వాళ్ళకు నేను చెప్పేది ఇదే. రెండేళ్ళు దొరికితే రెండేళ్ళూ తీసుకోండి. ఫీజు మాఫీకి మొదటి రోజే పెట్టుకోండి. ఈవోపీఎస్ గడప తొక్కండి, అది దానం కాదు, పోరాడి తెచ్చుకున్నది. సెప్టెంబరుకి 45 యూనిట్లు ఉండేలా చూసుకుని ట్యాగ్ కాగితం పెట్టండి. గడువు తప్పనివాళ్ళుంటే, రండి, కూర్చుని లెక్క వేద్దాం.

కులం సంగతి రాయొద్దని భయపెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాని కాలం కొంత కదిలింది. 2021లో యూసీ డేవిస్, 2022 జనవరిలో సీఎస్‌యూ మొత్తం, కులాన్ని వివక్ష నిషేధం నిబంధనల్లో చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టం చేసింది. కాలిఫోర్నియా శాసనసభ కూడా ఆ ఏడాదే బిల్లు పాసు చేస్తే, అక్టోబరులో గవర్నర్ దాన్ని తిప్పి పంపాడు. ఇప్పుడున్న చట్టాలే చాలన్నాడు. చాలవని మా అమ్మ గ్లాసుకి తెలుసు. ఆ నిబంధనలు వచ్చింది మన పిల్లలు నిలబడి, పేరు చెప్పుకుని, సాక్ష్యం చెప్పినందుకు. సాక్ష్యం చెప్పడానికి కూడా తీరిక కావాలి. రోజుకు నాలుగ్గంటలు నిద్రపోయే పిల్ల ఏ మీటింగుకి పోతుంది?

అందుకే సంఘాల్లో పనిచేసే అన్నలకూ అక్కలకూ నా మనవి ఒకటుంది. సీటు కోసం, ఫీజు కోసం, హాస్టల్ కోసం పోరాడాం, పోరాడుతున్నాం. సమయం కోసం కూడా పోరాడాలి. మన పిల్ల ఒక ఏడు తప్పినా చదువు పోకూడదు. అవ్వ చనిపోతే ఊరికి పోయి ఏడ్చి రాగలగాలి. టీచరు కూర్చోమంటే కూర్చోగలగాలి. వాళ్ళ పిల్లలు నిదానంగా చదివి మేధావులవుతుంటే మన పిల్లలు పరుగెత్తి చదివి గట్టెక్కుతున్నారు. మా తమ్ముడు కమ్యూనిటీ కాలేజీలో మూడేళ్ళు ఉన్నాడు. మధ్యలో సబ్జెక్టు మార్చుకున్నాడు. ఒక క్వార్టర్ బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. ఎవరో "వీడు మీ అక్కంత చురుకు కాదే" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "ఆ పిల్లకి లేని టైము వీడికి దొరికింది, చదువుకోనీండి" అంది.